పాలిచ్చు పంది యెదకు రాదేల?

(మన సంఘపు నెలసరి సమావేశమునందు గావించిన ప్రసంగము)



ఈ వేదికమీదనుండి సాధారణముగా భాషను గూర్చియు, పాఠశాలలను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అట్టి చోట పందులను గూర్చి మాటలాడుటకు మేము లేచి నిలువగానే కొందఱు మిత్రులు చిఱునవ్వు నవ్వుట మాకు కనబడకపోలేదు. నవ్వవచ్చును. కాని మన సంఘమునకు చందా కట్టు కుటుంబములలో రెండో మూడో ఆడపందులను పెంచి, వాని పిల్లలను అమ్మిన సొమ్ముతో బిడ్డలకు బడి జీతములు కట్టుచున్నవి కొన్ని కలవు. పోయిన సమావేశము ముగిసిన పిమ్మట అట్టి యింటి పెద్దమ్మ యొకతె మమ్ము వాకిట నిలవేసి యడిగిన ప్రశ్నయే నేటి యీ ప్రసంగమునకు మూలము.

"నాయనా, ఆవు దూడకు పాలిస్తూనే మళ్ళీ ఎదకు వస్తుంది. బఱ్ఱె కూడా వస్తుంది. ఈ పంది మాత్రం పిల్లలు చన్ను పట్టినంతకాలం పోతు మొగం చూడదు. పిల్లల్ని విడదీసిన అయిదో రోజుకు దడి దూకి మరీ పోతుంది. దాని కడుపులో గడియారం ఎవరు పెట్టారు?" అని ఆమె యడిగెను.

అప్పటికి "అది హార్మోనుల మహిమ తల్లీ" అని చెప్పి తప్పించుకొంటిమి. ఇంటికి పోవునప్పుడు దారిలో మాకే సిగ్గు వేసినది. మహిమ యనుట సమాధానము కాదు. ఆమె యడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి పూర్తి సమాధానమును లోకములోని శాస్త్రజ్ఞులు 50 సంవత్సరములుగా వెదకుచు, చాలవఱకు కనుగొనిరి. ఆ కథను మనకు తెలిసిన మాటలలో చెప్పవలెనని మా ప్రయత్నము.

మొదట లెక్క చూతము. పంది చూలు 114 దినములు, ఇంచుమించుగా మూడు నెలల మూడు వారముల మూడు దినములు. మన యిండ్లలో పిల్లలను ఎనిమిది వారముల వఱకు తల్లియొద్దనే యుంచుట వాడుక. ఆపై పాలు మాన్పిన అయిదాఱు దినములకు తల్లి యెదకు వచ్చును. 114, 56, 6 కలిపిన 176 దినములు. అనగా ఏడాదికి రెండు ఈతలకు కొంచెము పైన. ఆఱు వారములకే పాలు మాన్పినచో 162 దినములు. నాలుగు వారములకైన 148 దినములు, అనగా రెండేండ్లలో ఇంచుమించు అయిదు ఈతలు. యూరపు ఖండపు సమాఖ్యలో 2008 నాటి శాసనము ప్రకారము 28 దినములకు ముందు పిల్లలను తల్లినుండి వేఱుచేయరాదు. ప్రత్యేకముగా శుభ్రపఱచిన శాలలున్నచో మాత్రము 21 దినములకు చేయవచ్చును. ఒక్క యెద తప్పిపోయినచో 21 దినముల మేత వ్యర్థము. రెండెదలు తప్పిన పందిని కటికవానికి అప్పగించు ఇండ్లను మనమందఱము చూచియే యున్నాము. కావున ఈ గడియారపు సంగతి వట్టి వినోదము కాదు.

ఇక పంది పాలిచ్చు తీరును చూడుడు. ఇది ప్రతిదినము మన కన్నులయెదుట జరుగుచున్నను మనము నిలిచి చూడము. ఆవు పొదుగులో పాలు నిలువ యుండుటకు తావు కలదు. పంది చన్నులలో అట్టి తావు దాదాపు లేదనియే చెప్పవలెను. కావున పిల్ల ఎప్పుడు పడితే అప్పుడు నోరు పెట్టినచో పాలు రావు. పిల్లలన్నియు ఒక్కసారి చేరి, తమ తమ చన్నులను పట్టుకొని, ఒకటి రెండు నిముషములు ముట్టెలతో కుమ్మవలెను. ఏ పిల్లకు ఏ చన్నో మొదటి కొన్ని దినములలోనే పోట్లాడుకొని నిర్ణయించుకొనును. ఆ మీద అది మాఱదు. తల్లి మెల్లగా గురుగురుమనుచుండును. ఆ గురుగురు ఉన్నట్టుండి వేగమగును. అప్పుడు పాలు దిగును. దిగుట ఎంతసేపు? పది మొదలు ఇరువది సెకండ్లు మాత్రమే! మఱల ముప్పావు గంటకో గంటకో ఇదియే తంతు, రేయింబవళ్ళు. దినమునకు ఇరువదినాలుగు సార్లకు తక్కువ కాకుండ ఎనిమిది పది పిల్లలు తల్లి చన్నులను కుమ్ముచున్నవన్నమాట. మన యిండ్లలో దూడ ఆవు పొదుగును ముట్టునది ఉదయమొకసారి, సాయంకాలమొకసారి. పెద్దమ్మ యడిగిన ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే యున్నది. దూడను రేయింబవళ్ళు తల్లి వెంటనే విడిచి పెట్టినచో ఆవు కూడ ఎదకు వచ్చుట ఆలస్యమగును.

పాలు దిగుటకు కారణమైనది ఆక్సిటోసిన్ అను హార్మోను. పిల్లల ముట్టెల తాకిడి నరముల వెంట తల్లి మెదడునకు చేరగా, పీయూష గ్రంథి వెనుక భాగమునుండి ఇది రక్తములోనికి విడుదలయై చన్నులలోని సన్నని కండరములను పిండును. దీనిని 1953లో అమెరికా దేశపు విన్సెంట్ డు విగ్నో ప్రయోగశాలలో తయారుచేసెను; 1955లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. పాలను దింపునది ఆక్సిటోసిన్ కాగా, పాలను పుట్టించునది పీయూష గ్రంథి ముందుభాగమునుండి వచ్చు ప్రొలాక్టిన్. ఇది ఈనుటకు ముందు పెరిగి, పిల్లలు కుడుచుచున్నంతకాలము రక్తమున ఎక్కువగా నుండును. పిల్లలను తీసివేసిన కొన్ని గంటలలోనే పడిపోవును. తిరిగి చేర్చిన తిరిగి పెరుగును.

ఇప్పుడు గడియారము దగ్గఱకు వత్తము. మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న తావు కలదు. అచటి కొన్ని కణములు జి.ఎన్.ఆర్.హెచ్. అను ఒక హార్మోనును ఉండియుండి చుక్క చుక్కగా విడుచును. ఆ చుక్క పీయూష గ్రంథిని చేరి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అను రెండు హార్మోనులను రక్తములోనికి పంపును. ఈ రెండును అండాశయమునకు పోయి అండములున్న పుటికలను పెంచును. ఆవునందైనను, మేకయందైనను, మానవ స్త్రీయందైనను ఏర్పాటు ఇదియే.

ఈ జి.ఎన్.ఆర్.హెచ్. యొక్క నిర్మాణము 1971లో తెలిసినది. తెలిసినది పందుల వలననే! అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున ఆండ్రూ షాలీ యనునాయన తన సహచరులతో కూడి లక్షన్నరకు పైబడిన పందుల మెదళ్ళనుండి ఆ చిన్న భాగములను కత్తిరించి తెప్పించి, కరగించి, వడపోసి, చివఱకు కంటికి కనబడీ కనబడనంత పదార్థమును సంపాదించెను. అది పది అమైనో ఆమ్లముల గొలుసు. అదే పనిని గొఱ్ఱెల మెదళ్ళతో చేయుచున్న రోజే గియెమాఁ యనునాయనతో ఆయనకు తీవ్రమైన పోటీ నడచెను. 1977లో నోబెల్ బహుమానమున సగమును వారిరువురు పంచుకొనిరి. ఇరువురును దీర్ఘాయుష్మంతులై 2024లో కాలధర్మము నొందిరి. కబేళాలో పాఱవేయు మెదడు తునకలనుండి, నేడు సంతానము లేని దంపతులకు చేయు చికిత్సలలో వాడు మందుల వంశమంతయు పుట్టినదనిన, పందిని చూచి ముక్కు మూసికొనువారు కొంచెము ఆలోచింపవచ్చును.

ఆ చుక్కలు పడు వేగములోనే మర్మమంతయు నున్నది. పిట్స్‌బర్గ్ నగరమున ఎర్న్‌స్ట్ నోబిల్ అనునాయన, ఆయన సహచరులు 1978లో కోతులపై ప్రయోగము చేసిరి. ఈ హార్మోనును గంటకొకసారి చొప్పున ఇచ్చిన పీయూష గ్రంథి చక్కగా పనిచేసినది. అదే మందును తెంపులేక ధారగా ఇచ్చినచో పని మానివేసినది! తలుపు తట్టినవారికి ఇల్లాలు తలుపు తీయును. ఎడతెగక బాదువానికి తీయదు గదా. చుక్కలు గంట కొకటి చొప్పున పడిన ఎద వచ్చును. కొన్ని గంటల కొకటి పడిన రాదు.

పాలిచ్చు పందిలో ఏమి జరుగుచున్నది? పిల్లల ముట్టెల తాకిడి ఆక్సిటోసిన్‌నే కాక మఱియొక పదార్థమును కూడ మెదడులో లేపుచున్నది. దాని జాతి నల్లమందు జాతి. మెదడు తనంతట తాను తయారుచేసికొను నల్లమందు వంటి పదార్థములను ఎండార్ఫిన్లు మొదలైన పేర్లతో పిలుతురు. ఇవి జి.ఎన్.ఆర్.హెచ్. కణములను జోకొట్టి పండుకొనబెట్టును. అందుచేత ఎల్.హెచ్. చుక్కలు బహు పలుచబడును. ఈ సంగతి ఎట్లు తెలిసినది? నల్లమందు విషమునకు విఱుగుడుగా వైద్యులు వాడు నాలోక్సోన్ అను మందును, పాలిచ్చుచున్న పందులకు 1980-90 సంవత్సరముల మధ్య అమెరికాలోని జార్జియా రాష్ట్రపు పరిశోధకులు ఇచ్చి చూచిరి. పిల్లలు చన్నులు పట్టియే యున్నను ఎల్.హెచ్. పైకి లేచినది, ప్రొలాక్టిన్ క్రిందికి దిగినది. జోకొట్టు చేతిని పట్టి యాపినట్లయినది. ఆ కాలముననే మఱికొందఱు పాలిచ్చుచున్న పందులకు జి.ఎన్.ఆర్.హెచ్.నే చుక్కలు చుక్కలుగా, గడియారము పెట్టి సూది ద్వారా ఎక్కించిరి. పిల్లలు కుడుచుచుండగనే ఎద వచ్చినది, అండములు విడుదలయైనవి. అనగా పీయూష గ్రంథికిని, అండాశయమునకును లోపము లేదు. అవి సిద్ధముగనే యున్నవి. పైనుండి పిలుపు రాకపోవుటయే కొఱత.

ప్రొలాక్టినే ఎదను ఆపుచున్నదని చాలకాలము పలువురు నమ్మిరి. మేము చదువుకొన్న పుస్తకములలోను అట్లే యుండెను. కాని మందుతో ప్రొలాక్టిన్‌ను అణచినంత మాత్రమున పందిలో ఎల్.హెచ్. నమ్మకముగా లేవలేదు. పాలు మాత్రము ఎండిపోయినవి. కావున ప్రధానమైన అడ్డంకి మెదడులోని ఆ జోల పదార్థములే యని నేటి అభిప్రాయము. ఇటీవలి కాలమున కిస్పెప్టిన్ అను మఱియొక దూత పేరు వినబడుచున్నది. దాని జన్యువును 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణమున కనుగొనిరి. ఆ యూరి చాక్లెట్ బిళ్ళల పేరునే దానికి పెట్టిరి. యుక్తవయస్సు వచ్చుటకు అది తప్పనిసరి యని 2003లో తేలినది. జి.ఎన్.ఆర్.హెచ్. కణములను మేలుకొల్పునది అదియే. శాస్త్రజ్ఞులకును పేర్లు పెట్టుటలో సరదాలుండును.

ఎఫ్.ఎస్.హెచ్. సంగతి వేఱు. పిల్లల తాకిడి దానిని అంతగా అణచదు. పుటికలనుండి వచ్చు ఇన్‌హిబిన్ అను పదార్థమే దానికి కళ్ళెము. అందువలన పాలిచ్చు కాలమంతయు అండాశయమున పుటికలు పూర్తిగా మాయము కావు. ఆవగింజ మొదలు జొన్నగింజ వఱకు గల పరిమాణమున పుట్టుచు, కొంత పెరిగి, చచ్చుచు, మఱల పుట్టుచు నుండును. పాలు మాన్పిన క్షణమున అట్టివి కొన్ని సిద్ధముగా వేచియుండును. పిల్లలు పోయిన కొన్ని గంటలలోనే ఎల్.హెచ్. చుక్కలు గంటకొకటి చొప్పున పడనారంభించును. జొన్నగింజలు నాలుగైదు దినములలో శనగగింజలగును. అవి ఈస్ట్రోజెన్‌ను పెంచును. ఆ ఈస్ట్రోజెన్ మెదడును తాకి ఎదను పుట్టించును, తుదకు ఎల్.హెచ్. ఒక్కసారి వఱదవలె పొంగి, సుమారు 40 గంటల తరువాత అండములు విడుదలగును. పెద్దమ్మ చెప్పిన అయిదవ దినము ఇదియే. గడియారమును పెట్టినవి పిల్లల ముట్టెలు. దానిని నడపునవి కూడ అవియే.

ఇంతవఱకు విన్నవారిలో కొందఱికి వెంటనే ఒక ఆలోచన తోచును. పిల్లలే అడ్డంకియైనచో వానిని పది దినములకే తీసివేసిన తల్లి త్వరగా కట్టును గదా యని. మన ప్రాంతముననే ఒక సోదరుడు అట్లు చేసెను. పిల్లలలో సగము విరేచనములతో పోయినవి. తల్లి ఎదకు వచ్చినది, పోతుతో కలిసినది, నిలువలేదు. దీనికి కారణము కలదు. ఈనిన పిమ్మట గర్భసంచి తిరిగి మునుపటి స్థితికి వచ్చుటకు మూడు వారములు పట్టును. అంతకు ముందు కట్టినను పిండములు చాలవఱకు నశించును. మఱియు, ఈనిన వెంటనే పిల్లలను తీసివేసినచో ఈస్ట్రోజెన్ పెరిగినను ఎల్.హెచ్. వఱద రాదు, పుటికలు పగులక నీటి బుడగలుగా మిగిలిపోవును. మెదడునకు ఆ తిరుగుడు నేర్పు మఱల అలవడుటకు కొంతకాలము కావలెను. మూడు వారముల లోపల పాలు మాన్పుట తల్లికిని పిల్లలకును చేటు. మన యిండ్లలో శుభ్రత, దాణా ఉన్నంతలో ఆఱు వారములకు తక్కువ వద్దని మా యభిప్రాయము.

ఇంకొక మోసము కూడ కలదు. ఈనిన రెండు మూడు దినములకు కొన్ని పందులు ఎద లక్షణములు చూపును. చూలు కాలపు మావినుండి వచ్చిన ఈస్ట్రోజెన్ యొక్క మిగులు ప్రభావమది. అండము విడుదల కాదు. దానిని చూచి పోతును తెచ్చుట దండుగ. పోతును కూలికి తెచ్చువారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఇంటింట తిరుగు పోతు రోగములను కూడ తెచ్చును. 2020లో అస్సాము ప్రాంతమున ఆఫ్రికా పందిజ్వరము ప్రవేశించిన నాటినుండి మన దేశమున ఆ భయము వట్టిది కాదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను.

ఇరువది యేండ్ల క్రిందట, మేము ఉద్యోగములో నుండగా, మన వారి యింటనే ఒక తొలిచూలు పంది తొమ్మిది పిల్లలను పెట్టినది. తొమ్మిదింటిని పెంచినది. ఒక్కటియు పోలేదు. ఆఱు వారములకు పాలు మాన్పిరి. వారము గడచినది, రెండు వారములు గడచినవి, ఎద లేదు. మూడవ వారమున మమ్ము పిలిచిరి. నడుముమీద చేయివేసి నొక్కి చూచితిమి, పోతును చూపితిమి, పంది పాఱిపోయినది. "ఇది గొడ్డుపోయినదమ్మా, అమ్మివేయుట మేలు" అంటిమి. ఆ యింటి యిల్లాలు మా మాట నమ్మెను. తొమ్మిది పిల్లలను నిలిపిన తల్లిని తూకమునకు అమ్మెను. ఆ దినమున కటికవాని యొద్దనే మేముంటిమి గనుక అండాశయములను అడిగి తీసికొని కోసి చూచితిమి. రోగము లేదు. నీటి బుడగ లేదు. ఆవగింజలంత పుటికలు మాత్రము వరుసగా నిండియున్నవి. మెదడు పిలుపు కొఱకు అవి యింకను వేచియుండెను.

పంది వీపున క్రొవ్వు వ్రేలెడైనను లేదు. తరువాత విచారింపగా, ఆమె చూలు నాటి మేతనే పాలిచ్చు కాలమునను పెట్టినదట. రెండు పూటల తవుడు, కుడితి. ఎక్కువ పెట్టిన పాలు చిక్కనై పిల్లలకు విరేచనములు పట్టునని ఎవరో చెప్పిరట. తొమ్మిది పిల్లల పాలు ఎక్కడినుండి వచ్చినవి? తల్లి వీపునుండి, తొడలనుండి వచ్చినవి. మేలుజాతి పంది దినమునకు ఎనిమిది పది లీటర్ల పాలిచ్చును. తొలిచూలుదైనచో దాని యెదుగుదలయే యింకను ముగియలేదు.

ఆకలిని మెదడునకు చెప్పు దూతలున్నవి. ఇన్సులిన్, దాని బంధువగు ఐ.జి.ఎఫ్. అను పదార్థము, క్రొవ్వునుండి వచ్చు లెప్టిన్. మేత తగ్గిన ఈ మూడును రక్తమున తగ్గును. అప్పుడు మెదడు ఎల్.హెచ్. చుక్కలను మఱింత పలుచచేయును. ఇంటిలో గింజలు లేనప్పుడు చుట్టములను పిలువము గదా, అదియే న్యాయము. పిల్లల తాకిడి ఒకవైపు, ఆకలి యొకవైపు. పిల్లలను తీసివేసిన మొదటి అడ్డంకి తొలగును, రెండవది తొలగదు. అమెరికాలోని మిన్నెసోటాలోను, కెనడాలోని అల్బర్టాలో జార్జి ఫాక్స్‌క్రాఫ్ట్ అను ఆచార్యుని బృందమునందును 1990 తరువాతి సంవత్సరములలో తొలిచూలు పందులపై చేసిన పరిశోధనలలో, పాలిచ్చు కాలమున ఒక్క వారము మేత తగ్గించినను ఎల్.హెచ్. తగ్గుటయు, పాలు మాన్పిన పిదప ఎద ఆలస్యమగుటయు కనబడినది. చివఱి వారమున తగ్గించినచో విడుదలైన అండముల పక్వత కూడ తక్కువయైనదట. మేము ఆ యింటికి పోవునప్పటికే ఆ పరిశోధనలు అచ్చయి యున్నవి. మేము చదువలేదు. ఆ పంది గొడ్డు కాదు.

కావున మేత విషయమున స్పష్టముగా చెప్పెదము. మేలుజాతి పందికి దాని బరువులో నూటికొకవంతు దాణా దానికొఱకు. ఆపైన పిల్ల యొక్కింటికి ఇంచుమించు అరకిలో. నూటయేబది కిలోల తల్లికి ఎనిమిది పిల్లలున్నచో అయిదున్నర కిలోలు. ఈనిన దినముననే అంతయు పెట్టక, వారము దినములలో క్రమముగా పెంచవలెను. నాటుపంది చిన్నది, పాలు తక్కువ. దానికి తగినట్లు తగ్గించుకొనవచ్చును. వట్టి తవుడు చాలదు. వేరుసెనగ చెక్కయో చేపపొడియో మాంసకృత్తుల కొఱకు కలుపవలెను. నీరు ఇరువది ముప్పది లీటర్లు కావలెను. నీరు తక్కువైన పంది మేత తినదు. వేసవిలో మన యూళ్ళలో మిట్టమధ్యాహ్నము పంది ముట్టె యెత్తదు. అప్పుడు మేతను తెల్లవారుజామునకును, రాత్రికిని మార్చవలెను. వేసవి యీతల తరువాత ఎద ఆలస్యమగుటకు ఇదియొక ముఖ్య కారణము. పూర్వికురాలగు అడవిపంది యూరపులో చలికాలమున కలిసి వసంతమున ఈనును. ఆ ఋతుధర్మము ఇంటిపందిలో కొంచెము మిగిలియున్నదని కూడ చెప్పుదురు.

ఒక యుపాయము కలదు, ఖర్చు లేనిది. పాలు మాన్పుటకు నాలుగైదు దినములు ముందుగా బలిసిన పిల్లలను నాలుగింటిని తీసివేసి, చిన్నవానిని తల్లియొద్దనే యుంచుట. తాకిడి తగ్గును, చిన్నవి పుంజుకొనును, ఎద కొంచెము ముందుగా వచ్చును. హాలెండు దేశమున వాగెనింగెన్ విశ్వవిద్యాలయమువారు మఱియొక అడుగు ముందుకు వేసి, రెండు వారములు దాటిన పిమ్మట తల్లిని దినమునకు పది పండ్రెండు గంటలు పిల్లలకు దూరముగా నుంచి, పోతును చూపి చూచిరి. చాల పందులు పాలిచ్చుచుండగనే ఎదకు వచ్చినవి. తొలిచూలువి మాత్రము అంతగా రాలేదు.

ఇది విన్నప్పుడు మాకు మన వీధిపందులు జ్ఞప్తికి వచ్చినవి. పగలంతయు తల్లి ఊరిమీద పడి తిరుగును, పిల్లలు దొడ్డిలో నుండును. అట్టి తల్లి పిల్లలకు పాలిచ్చుచునే చూలు కట్టుట మేము చూచియున్నాము. స్కాట్లండులోని ఎడింబరోలో 1980 ప్రాంతమున పందులను చెట్లు చేమలు గల విశాలమైన దొడ్డిలో స్వేచ్ఛగా విడిచి చూచినప్పుడును పాలిచ్చు తల్లులు ఎదకు వచ్చినవి. కావున పెద్దమ్మ మాట కట్టివేసిన పందికి సత్యము. తిరుగు పందికి పూర్తిగా సత్యము కాదు. తిరుగుట వలన పొలములకు నష్టము, మురికి మేత వలన రోగము, కావున తిరుగనిండని మేము చెప్పము.

తెలుగు నాట ఈ విద్యకు తావులు లేకపోలేదు. గన్నవరమున పూర్వము బేకన్ ఫ్యాక్టరీతో కూడిన పందుల క్షేత్రముండెను. తిరుపతి పశువైద్య కళాశాలలో పందుల పరిశోధనా కేంద్రము కలదు. తమిళనాట కాట్టుపాక్కమునను కలదు. ఏ వైపు పోయినను మనకు బంధువులే యున్నారు.

ప్రసంగానంతరము ఒక యువకుడు లేచి, పాలు మాన్పకుండనే సూదితో ఎద తెప్పింపరాదా యని యడిగెను. పి.జి. 600 అను మందు కలదు. చూలుతోనున్న గుఱ్ఱపు రక్తమునుండి తీసిన హార్మోను 400 ప్రమాణములు, మానవ స్త్రీ చూలు కాలపు హార్మోను 200 ప్రమాణములు అందులో నుండును. అది పాలు మాన్పిన దినమున, ఆలస్యమగు తొలిచూలు పందులకు ఉపయోగించును. బక్కచిక్కిన పందికి అది వేసిన ఎద వచ్చినను పిల్లలు తక్కువగును. వైద్యుని చేత వేయింపవలెనే కాని అంగడిలో కొని స్వయముగా పొడువరాదు. సూదికి పెట్టు సొమ్ము చెక్కకు పెట్టుట మేలని చెప్పితిమి. అతనికి ఆ జవాబు అంతగా నచ్చినట్లు లేదు.

ఇంకొకరు ఎద గుర్తించుట ఎట్లని యడిగిరి. మానము ఎఱ్ఱబడి ఉబ్బును; అది తొలి గుర్తు మాత్రమే. పోతు దగ్గఱ నున్నప్పుడు నడుముమీద రెండు చేతులతో నొక్కిన పంది చెవులు నిక్కించి కదలక నిలిచినచో అదియే సమయము. పోతు నోటి నురుగులోని వాసన ఈ నిలుపునకు తోడ్పడును, కావున పోతు లేకుండ నొక్కి చూచి ఎద లేదనుకొనరాదు. నిలిచిన దినము సాయంకాలమొకసారి, మఱునాటి ఉదయమొకసారి దాటించిన మేలు.

పెద్దమ్మ వెనుక వరుసలోనుండి అంతయు వినెను. మేము దిగి వచ్చుచుండగా, "నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాను నాయనా. పిల్లల్ని విడదీసి ఈ పొద్దుకు మూడు గీతలు. అది కూడా తొలిచూలుదే. బాగానే మేపాను అనుకుంటున్నాను. ఎల్లుండి పొద్దున్నే నువ్వు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టి చూడు. ఈసారి గొడ్డు అనకు" అనెను.

వచ్చెదమని చెప్పితిమి.